సర్వరు గదికి పట్టిన పీడ

ఏటుకూరు రోడ్డు మీద ఆ మిర్చి కోల్డ్ స్టోరేజీ వెనకగదికి పేరు చెడ్డది. ఎవరో హమాలీ అక్కడ గుండె ఆగి పోయాడట, పొద్దుగూకితే లోపల దగ్గు వినిపిస్తుందట! మిర్చి ఘాటులో దగ్గనివాడెవడండీ? అయినా నమ్మారు. సర్వరు పెట్టడానికి ఖాళీగా ఉన్నది మాత్రం ఆ గదే. పెట్టిన రోజే మేనేజరు జానకిరామయ్య గుమ్మం లోపలివైపు మేకు కొట్టించి, బూడిద గుమ్మడికాయ వేలాడదీయించాడు.

మర్నాటి నుంచే నెట్‌వర్క్ తడబడసాగింది. కంప్యూటర్లు చూసే నజీర్ ఎస్ఎన్ఎంపీ పెట్టాడు. అంటే ఏం లేదు, ముందువైపు ఆఫీసులోని కంప్యూటరు సర్వరుని మాటిమాటికీ అడుగుతుంది: నీ నెట్‌వర్క్ కార్డులో ఎర్రర్లెన్ని? అది లెక్క చెబుతుంది.

ఆ లెక్క... సాయంత్రం హనుమాయమ్మ ఊడవడానికి లోపలికెళ్లినప్పుడల్లా ఎగబాకేది!

"చేతబడి," అన్నాడు జానకిరామయ్య గొంతు తగ్గించి. "మిషనే చెబుతోందయ్యా. రేపట్నుంచి ఆవిడ రాకూడదు."

నజీర్‌కి ఒళ్లు మండింది. ఎమ్మెస్సీ చదివాడు ఈయన! తను పెట్టిన లెక్క చూపించి, ఏ పాపం ఎరగని మనిషి పొట్ట కొడతాడా? "ఈ ఒక్క రాత్రి ఆగండి సార్. ఆవిడ మీ దగ్గరే ఉంటుంది. లోపలికి నేనెళ్తాను."

చీకటి పడింది. జానకిరామయ్య ఆఫీసులో తెర ముందు కూర్చున్నాడు. పక్కనే హనుమాయమ్మ, కొంగు నోట్లో కుక్కుకుని...

నజీర్ వెనకగది తలుపు తోశాడు. కీచుమంది. నెత్తికి చల్లగా ఏదో తగిలింది—

"పెరిగాయ్!" ఆఫీసులోంచి కేక. "నజీరూ, నీకూ పట్టిందయ్యా!"

టార్చి పైకెత్తాడు. తలుపు తగిలి గుమ్మడికాయ ఊగుతోంది. దాంతోపాటు మేకూ కదులుతోంది. ఆ మేకు దిగబడింది సరాసరి గుమ్మం మీదుగా పోయే సర్వరు కేబుల్లోకి! పగలంతా తలుపు బార్లా తెరిచే ఉంటుంది గనక కాయ కదలదు. సాయంత్రం మూసిన తలుపు తోసేది హనుమాయమ్మ ఒక్కతే.

కాయ దించి, కొత్త కేబుల్ వేశాడు. హనుమాయమ్మే వెళ్లి తలుపు తెరిచింది, మూసింది. లెక్క కదల్లేదు.

జానకిరామయ్య తల గోక్కున్నాడు. "అయినా... ఎందుకొచ్చిన గొడవ? ఆవిణ్ణి మాన్పించేద్దాం."

ఛీ, ఏం మనిషి! అనుకున్నాడు నజీర్.

హనుమాయమ్మ చీపురు తెచ్చి మేనేజరు చేతిలో పెట్టింది. "సరేనండి. ఇప్పుడు దిష్టికాయ కూడా లేదు. ఆ గది మీరే ఊడ్చుకోండి."

ఆయన వెనకగది వైపు చూశాడు... చీపురు వైపు చూశాడు. నెమ్మదిగా దాన్ని ఆవిడకే ఇచ్చి గొణిగాడు—

"రేపు పెందలాడే రావమ్మా."