ఆరని రంగు

పాత కార్లకు ప్రాణం పోసే మెకానిక్, తాను కడుగుతున్న ఇంజను పక్కనే ప్రాణం వదిలాడు.

బానెట్ వచ్చి మెడ మీద పడింది. దాని కొక్కెం మెడ వెనక దిగింది. భార్య పరుగెత్తుకొచ్చి బానెట్ ఎత్తి, ఆయన్ని కింద పడుకోబెట్టేసరికే అంతా అయిపోయింది.

"రాడ్డు జారింది మేడం. యాక్సిడెంటే," అన్నాడు కానిస్టేబుల్.

బానెట్‌ను ఎత్తి నిలబెట్టే ఇనప రాడ్డు ముందు చక్రం దగ్గర పడి ఉంది.

ఇన్‌స్పెక్టర్ కారు దగ్గరికి నడిచింది. ఆవిడకి నోరు తక్కువ, కన్ను ఎక్కువ అని స్టేషన్లో పేరు. వంగి ఇంజను వైపు చూసింది.

ఎడమ సగం అద్దంలా మెరుస్తోంది. నీళ్లు పోకుండా కార్బురేటర్‌కు ప్లాస్టిక్ కవరు చుట్టి ఉంది. బ్యాటరీ విప్పి పక్కన పెట్టి ఉంది. బ్రష్షులు చిన్నా పెద్దా వరసలో ఉన్నాయి. కుడి సగం ఇంకా ముట్టుకోలేదు. ఏళ్ల నాటి మడ్డి అట్టకట్టి ఉంది.

ఆ మడ్డి మధ్యలో ఒక్కచోట, సన్నటి పైపు మీద బొటనవేలంత మేర మాత్రం తుడిచి ఉంది.

వరస తప్పని మనిషి ఇక్కడెందుకు తప్పాడు?

టార్చి వేసింది. పైపు మీద సన్నటి గాటు.

"ఇదేం పైపు?"

ఫోరెన్సిక్ టెక్నీషియన్ తల లోపలికి పెట్టి చూశాడు. "బ్రేకు పైపు మేడం. తుప్పు కాదు, రంపంతో కోశారు. పెడల్ గట్టిగా తొక్కితే ఇక్కడే పగులుతుంది. గాటు పాతదే. లోపలంతా మడ్డి పట్టింది."

మెకానిక్ భార్య షెడ్డు వెనక గదిలో కూర్చుని ఉంది. కార్ల సీట్లు కుట్టేది ఆవిడే. మిషను మీద సగం కుట్టిన లెదర్ అలాగే ఉంది.

"చప్పుడు విన్నారా?"

"పదకొండున్నరప్పుడు ఏదో పడ్డట్టు అనిపించింది. ఆ కుట్టు పూర్తిచేసి లేచాను మేడం..." ఆవిడ మిషను వైపు చూసింది. "అప్పుడే లేవాల్సింది."

"అప్పుడు ఎవరైనా వచ్చారా?"

"మిషను చప్పుడులో నాకేం వినపడుతుంది?"

"కారెవరిది?"

"ఓ పెద్దాయనది. ఏడేళ్ల కిందట గోడకు గుద్దాడు. పక్కసీట్లో ఉన్న భార్య పోయింది. స్టీరింగ్ దగ్గర కునుకు తీశాడని అందరూ ఆయన్నే ఆడిపోసుకున్నారు. కారు ఇన్నాళ్లూ గ్యారేజీలో తాళం వేసి ఉంది. కూతురు పట్టుబట్టి ఇక్కడికి తెచ్చింది."

"పొద్దున మీ ఆయన ఏమైనా అన్నారా?"

"ఇందులో ఏదో మతలబుందే అన్నారు. వాళ్లింటికి ఫోన్ చేశారు. వస్తామన్నారట. కూతురే అనుకున్నాను."

ఇన్‌స్పెక్టర్ గ్లవుజు తొడుక్కుని రాడ్డును లోపలికి తెచ్చింది. మెకానిక్ భార్య దాన్ని చూసింది. కన్నీళ్లు తుడుచుకుని మళ్లీ చూసింది.

"ఇది కింద పడి ఉందా? దీనికి పొద్దున నేనే నల్లరంగు వేసి, కారు పక్కన కిటికీకి వేలాడదీశాను. సాయంత్రానికిగానీ ఆరదు!"

"మరి బానెట్?"

"కర్ర పెట్టుకున్నారు. ఎవరైనా ఉంటే పట్టుకోమనేవారు."

కర్ర గోడకు ఆనించి ఉంది.

ఇన్‌స్పెక్టర్ పెద్దాయన పిల్లలిద్దరినీ షెడ్డుకే పిలిపించింది.

"నాకు ఫోన్ రాలేదండీ," అంది కూతురు. "పొద్దున నాన్నని ఫిజియోథెరపీకి తీసుకెళ్లాను. ఇంట్లో అన్నయ్య ఒక్కడే ఉన్నాడు."

"ఏదో రాంగ్ నంబర్ వచ్చింది," అన్నాడు అన్న. "నేను గడప దాటలేదు. ఈ షెడ్డు మొహం ఇప్పుడే చూడటం."

"కారు బాగుచేయించడం మీకు ఇష్టమేనా?"

అన్న నోరు విప్పేలోగా చెల్లెలే అంది. "తుక్కు కింద అమ్మేద్దామన్నాడు. నేను వినలేదు."

ఇన్‌స్పెక్టర్ రాడ్డు కొనను వెలుతురులోకి తిప్పింది.

"రంగు పచ్చిది. అంత బరువు మోసి జారితే కొన గీసుకుపోవాలి. చెక్కుచెదరలేదు. ఈ రాడ్డు బానెట్‌ను మోయనేలేదు."

"మరేది మోసింది?" అంది చెల్లెలు.

"మనిషి చేతులు. బ్రేకు పైపు మీద గాటు చూపిస్తాను, కాస్త పట్టుకోండి అని మెకానిక్ కర్ర తీసి, తల లోపలికి పెట్టాడు. పట్టుకున్న మనిషి వదిలేసి ఊరుకోలేదు. మెడ మీదికి బలంగా అణిచాడు. తర్వాత రాడ్డు జారిందనిపించాలని, కిటికీకి వేలాడుతున్నదాన్ని తెచ్చి పడేశాడు. చేతికంటిన రంగు తుడుచుకున్నాడు. రంగు మీద పడ్డ చేతి ముద్రని తుడవలేకపోయాడు." రాడ్డు మధ్యలో అరచేతి గీతలు అచ్చు గుద్దినట్టున్నాయి. "మీ చేతులు చూపించండి."

అన్న చేతులు జేబుల్లోకి పోయాయి.

"ఏం గాటు?" చెల్లెలు అతని ముందుకు వచ్చింది. "అన్నయ్యా, చూపించు."

అతను కదల్లేదు. ఆమె అతని మణికట్టు పట్టి లాగింది. గోళ్ల సందుల్లో నల్లటి గీతలు. రంగు కడిగే థిన్నర్ వాసన.

"ఆ రోజు కార్లో నాన్న ఒక్కడే వెళ్తాడనుకున్నా!" అరిచాడతను. "తన మిల్లు దరిదాపులకు నన్ను రానివ్వనన్నాడు. కన్నకొడుకుని! అమ్మ ఎక్కుతుందని నాకేం తెలుసు?"

చెల్లెలు చెయ్యి వదిలేసింది. కాలినట్టు.

ఆ కబురు తండ్రికి చెప్పడం తన వల్ల కాదంది. ఇన్‌స్పెక్టర్ తోడు వెళ్లింది.

పెద్దాయన చక్రాల కుర్చీలో కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు. అంతా విన్నాడు.

"నేను బ్రేకు తొక్కానమ్మా," అన్నాడు చివరికి, కూతురితో. "రెండు కాళ్లతో తొక్కాను. ఎవరికి చెప్పినా నమ్మలేదు. పోనుపోను నేనే నమ్మడం మానేశాను."

కూతురు ఆయన మోకాళ్ల మీద తల పెట్టి ఏడ్చింది. ఆయన ఆమె జుట్టు నిమురుతూ ఇన్‌స్పెక్టర్ వైపు చూశాడు.

"వాళ్లమ్మ ఆఖరి నిమిషంలో ఎక్కింది. వాడికి తెలీదు. తెలీదు కదమ్మా?"

"తెలీదండీ."

"కేసులో అది కూడా రాయండి."

"రాస్తాను," అంది ఇన్‌స్పెక్టర్. "కానీ బానెట్ కింద తల ఎవరిదో అబ్బాయికి తెలుసండీ. అదీ రాయాలి."

పెద్దాయన చెయ్యి కూతురి తల మీద ఆగిపోయింది.

"ఆయనకి పెళ్లాం ఉందా?"

"ఉంది."

"అయితే అదే ముందు రాయండి," అన్నాడు.