ఓలికి పోయిన బంగళా

తాళంచెవి తిరిగింది. సర్వేశ్వరరావు కొంప అక్కడే మునిగింది.

రెండు రోజులుగా అతను ఆ జానెడు ఇనుప తాళంచెవి పట్టుకుని అరకు లోయంతా తిరుగుతున్నాడు. కనిపించిన ప్రతి తలుపుకీ పెట్టి చూడాలని అతని ప్లాను. అన్ని గుడిసెలకూ వెదురు తడికలే. తడికలకు తాళాలు ఉండవు కాబట్టి పని చకచకా సాగింది.

ఈ గుడిసె దగ్గర ఆగిపోయాడు. నాలుగు మట్టి గోడల ముందు ఏనుగు దూరేంత టేకు తలుపు నిలబడి ఉంది. దగ్గరగా వేసి ఉంది. చెవి పెట్టి తిప్పాడు. కటక్ మంది. మళ్ళీ వెనక్కి తిప్పబోతే కదల్లేదు.

లోపలి నుంచి ముసలి గొంతు లేచింది.

"ఎవడ్రా అది! నన్ను లోపలెట్టి తాళమేసీసినాడు!"

వెనక నుంచి ఇంకో గొంతు. ఇది పడుచుది.

"ఏటి సేత్తన్నావు బాబూ?"

తిరిగి చూశాడు. పొలం నుంచి వచ్చిన పిల్ల. చేతిలో కొడవలి, జుట్టు నిండా వలిసె పూల పసుపు. కళ్ళు మాత్రం కొడవలి కంటే పదునుగా ఉన్నాయి.

"నేను... సర్కారు గుమాస్తాని."

"సర్కారోళ్ళు ఇప్పుడు మామ్మల్ని కూడా జప్తు సేత్తన్నారా?"

"అది కాదు. ఒక ఇల్లు పోయింది. వెతుకుతున్నాను."

"ఏటి పోయింది?"

"ఇల్లు. ఎనిమిది గదులు, ఇరవై కిటికీలు, ఒక మేడ. మ్యాపులో ఈ ఊరి పక్కనే ఉంది. వెళ్ళి చూస్తే అక్కడ వలిసె చేను ఉంది."

ఆ పిల్ల కొడవలి కింద పడేసి, పొట్ట పట్టుకుని నవ్వింది.

"మేక తప్పిపోతే ఎతికినాను. దూడ తప్పిపోతే ఎతికినాను. ఇల్లు తప్పిపోవడం ఇప్పుడే ఇంటన్నాను!"

"నవ్వు. రేపు మధ్యాహ్నం తాసిల్దారు గారు వస్తున్నారు. పైనుంచి వచ్చే పెద్ద దొర ఆ బంగళాలో పదిరోజులు విడిది చేస్తాడట. ఊడ్చి ఉంచమని నన్ను ముందు పంపారు. ఇల్లు చూపించాలి, లేదా దొంగ పేరు చెప్పాలి. రెండూ లేకపోతే నా ఉద్యోగం ఊడుతుంది."

పక్కనున్న కిటికీ రెక్క తెరుచుకుంది. దానికి నీలం గాజు పలకలు ఉన్నాయి. వాటి మధ్య నుంచి తెల్లటి తల ఒకటి బయటికి వచ్చింది.

"దొర బంగళాయా? నన్నడగనేదేటి?"

"మీరు లోపల ఉన్నారు కదండీ."

"ఎవడెట్టినాడు లోపల!"

ముసలమ్మ పేరు అచ్చియమ్మ. పిల్ల ఆమె మనవరాలు రత్న. రత్న వలిసె నూనె తెచ్చి తాళంలో పోస్తూ ఉంటే, అచ్చియమ్మ కిటికీలో గడ్డం ఆనించుకుని సంగతంతా చెప్పింది.

నలభై ఏళ్ళ కిందట దొర దేశం వెళ్ళిపోతూ కాపలాదారు సోంబరును పిలిచి, "ఇక ఈ ఇల్లు నీదే" అన్నాడట. కాగితం ముక్క లేదు. సోంబరు అప్పటికి పెళ్ళికాని కుర్రాడు. అచ్చియమ్మ మీద మనసు పడ్డాడు. పిల్లనివ్వాలంటే ఆమె తండ్రికి ఓలి ఇవ్వాలి కదా! అతని దగ్గర ఆవు లేదు, మేక లేదు. ఇల్లు మాత్రం ఉంది.

"అందుకని వీధి తలుపు ఊడదీసి నెత్తిన ఎట్టుకుని మా అయ్య దగ్గరకొచ్చినాడు. ఈ కిటికీ పైన కలిపినాడు. ఆ ఎనకాలే తనూ ఇల్లరికం వచ్చీసినాడు."

"మిగతా ఇల్లు?"

"ఐదుగురు కొడుకులు నాయనా! ఐదు పెళ్ళిళ్ళు!"

సర్వేశ్వరరావు పెన్సిలు తీసి రాసుకోవడం మొదలుపెట్టాడు. పెద్ద కోడలికి కిటికీలు. రెండో కోడలికి స్నానాల తొట్టె. మూడో కోడలికి దూలాలు. నాలుగో కోడలికి మెట్లు. ఐదో కోడలి తండ్రి మహా గట్టివాడు, గోడల ఇటికలన్నీ విప్పించుకుని పోయాడు.

తాళం తెరుచుకుంది. అచ్చియమ్మ బయటికి వచ్చి అతన్ని పైనుంచి కిందదాకా చూసింది. తిడుతుందనుకున్నాడు.

"పెళ్ళయిందా?" అంది.

*

లెక్కప్రకారం అన్నీ కళ్ళతో చూడాలి. దారి చూపించడానికి రత్న బయల్దేరింది. కోనలోకి దిగారో లేదో వాన పట్టుకుంది. ఇద్దరికీ గొడుగులా పట్టుకునే ఆకుల గిడుగు ఒకటే. అది ఒకరికే సరిపోతుంది. దాని కింద ఒకరు తడవకుండా నడవాలంటే రెండోవాళ్ళు పూర్తిగా తడవాలి. ఇద్దరూ సగం సగం తడిశారు.

మొదటి ఊళ్ళో స్నానాల తొట్టె కనిపించింది. పందులు అందులో కుడితి తాగుతున్నాయి. తొట్టె కాళ్ళకు సింహం గోళ్ళు ఉన్నాయి.

"పందులు దొరల్లాగే ఉన్నాయి," అన్నాడు సర్వేశ్వరరావు.

"తొట్టె మంచిది మరి!"

రెండో ఊళ్ళో మెట్లు చూసి అతను నడక ఆపి మెడ పైకెత్తాడు. సామచేను మధ్యలో మలుపులు తిరిగిన నగిషీ మెట్లు ఆకాశంలోకి లేచి ఉన్నాయి. వాటి చివర గడ్డి మంచె. నాలుగో కోడలి తండ్రి అక్కడ కూచుని డబ్బా కొట్టి చిలకల్ని తోలుతున్నాడు.

రత్న మెట్టు మీద కూచుంది. ముక్కు మీద వాన చుక్క నిలిచింది. సర్వేశ్వరరావు దాన్నే చూస్తూ ఒక మెట్టు తప్పి పడ్డాడు.

"మెట్లు సూసి ఎక్కు బాబూ. నన్ను కాదు."

"రత్నా, నీకొకటి చెప్పాలి."

ఆమె చెంపలు ఎర్రబడ్డాయి. "సెప్పు."

"మూడేళ్ళుగా ఈ ఇంటి మీద ఏటా రిపోర్టు రాస్తున్నది నేనే."

చెంపల ఎరుపు దిగిపోయింది.

"ఇదా నువ్వు సెప్పాలన్నది! ఆగు... ఇల్లు సూడకుండానే రాసీసినావా?"

"పోయినేడు రిపోర్టు చూసి ఈ ఏడు రిపోర్టు రాయడం మా ఆఫీసులో పద్ధతి. సాలూరు దాటి కొండెక్కడం ఎందుకని..."

"ఎక్కుంటే మూడేళ్ళ కిందటే కనిపించీదాన్ని కదా!" అనేసి రత్న నాలిక కరుచుకుంది. గిడుగు అతని నెత్తిన పడేసి వానలో పరిగెత్తింది.

*

మర్నాడు తాసిల్దారు వరహాలరావు గారు డోలీలో వచ్చారు. మోసినవాళ్ళు ఒగరుస్తుంటే ఆయనే అలిసిపోయినట్టు నుదురు తుడుచుకున్నారు. ఊరంతా పోగైంది.

"ఇల్లేదయ్యా?"

"లేదండీ."

"అయితే దొంగ పేరు చెప్పు. గట్టిగా, ఊరంతా వినేలా! సాక్షులుండాలి. పట్టుకుపోవడానికి జవాన్లను తెచ్చాను."

సర్వేశ్వరరావు జేబులో జాబితా ఉంది. అది తీస్తే సాయంత్రానికి ఆరు ఇళ్ళు కూలుతాయి. అచ్చియమ్మ జైలుకు పోతుంది. తీయకపోతే ఉద్యోగం పోతుంది. రత్న వైపు చూశాడు. ఆమె మామ్మ చెయ్యి గట్టిగా పట్టుకుని నిలబడింది.

జాబితా జేబులోనే ఉంచి, సంచిలోంచి రికార్డు తీశాడు.

"పోయిన జనవరి రిపోర్టండీ. చదువుతాను. 'బంగళా క్షేమం. తలుపులు, కిటికీలు, మెట్లు, తొట్టె సరిగా ఉన్నవి. ఇట్లు సర్వేశ్వరరావు, గుమాస్తా.' జనవరిలో నిక్షేపంగా ఉన్న ఇంటిని నలభై ఏళ్ళ కిందట ఎవరూ ఎత్తుకుపోలేరు కదండీ. ఊరివాళ్ళ తప్పు లేదు. చూడకుండా రాసింది నేను."

"ఓరి నీ... ఉద్యోగం పోయిందనుకో!"

"అనుకున్నానండీ."

అచ్చియమ్మ గొంతు సవరించుకుంది. "ఉద్యోగం నేదు, గొడ్డు నేదు, గోదా నేదు. ఏటిచ్చి పిల్లనడుగుతావు గుంటడా?"

"నేను అడగలేదే!"

"మరి బేగి అడుగు!" అంది రత్న.

సర్వేశ్వరరావు నడుముకున్న తాళంచెవి తీసి రెండు చేతులతో ముసలమ్మకు అందించాడు.

"దొర ఇంట్లో ఇంకా ఓలికి పోనిది ఇదొక్కటే."

అచ్చియమ్మ దాన్ని కొరికి చూసింది. కొంగున ముడేసుకుంది. "ఇన్నాళ్ళకి ఆ తలుపుకి తాళం కుదిరింది. పిల్లని తీసుకెళ్ళు."

"అది సర్కారు తాళంచెవి!" తాసిల్దారు గారు డోలీలోంచి లేవబోయి ఇరుక్కున్నారు. "దొంగతనం మీద దొంగతనం! నాకు అసలు ముద్దాయి కావాలి!"

రత్న వచ్చి కాగితంలోకి తొంగి చూసింది. ఆమెకు చదువు రాదు. కళ్ళు మాత్రం బాగా పనిచేస్తాయి.

"నీ సంతకం గీత కింద ఇంకోటుంది. తేలు తోకెత్తినట్టు. అదేటి?"

తాసిల్దారు గారి మొహంలో రంగు మారింది. "అది అక్కర్లేదు. మడిచెయ్యి. మడిచెయ్యవయ్యా!"

"ఊరంతా వినేలా సదవమన్నావు కదా బాబూ," అంది అచ్చియమ్మ.

డోలీ మోసినవాళ్ళు కూడా చెవులు రిక్కించారు. సర్వేశ్వరరావు కాగితం పైకెత్తి, గొంతు పెంచి చదివాడు.

"'నేను స్వయంగా కొండెక్కి, ఎనిమిది గదులూ తిరిగి, తొట్టెలో స్నానం చేసి మరీ చూసితిని. ఇట్లు... వరహాలరావు, తాసిల్దారు.'"