పెద్దమ్మ ఎవర్నీ కూర్చోమనేది కాదు

కళ్ళద్దాల కొట్టులో చూపు పరీక్ష చేసే ఆవిడని అందరూ అద్దాలక్క అనేవాళ్ళు. పొద్దున పది నుంచి సాయంత్రం ఆరు దాకా ఆమె ముఖం ఎవరో ఒకరి ముఖానికి జానెడు దూరంలో ఉండేది. "కూర్చోండి. గడ్డం ఇక్కడ ఆనించండి. ఇప్పుడు బాగుందా, ఇందాక బాగుందా?" ఈ మాటలు రోజుకి నలభైసార్లు అనీ అనీ నాలుక మీద అరిగిపోయాయి. అంతమంది కళ్ళలోకి అంత దగ్గరగా చూసే మనిషి, ఇంటికెళ్ళాక పలకరించే దిక్కు లేక రేడియో పెట్టుకుని, వార్తలు చదివే ఆయనకి ఊ కొడుతూ అన్నం తినేది. పాపం ఒంటరితనం అలవాటైపోయిందిలే అని కొట్టులో వాళ్ళు అనుకునేవారు. అలవాటు కాలేదు. యాభై రెండేళ్ళొచ్చినా కాలేదు.

పెద్దమ్మ పోయాక రెండో అంతస్తులో మూడు గదుల ఇల్లు ఆమెకి వచ్చింది. ఇల్లని పేరే గానీ నిండా సామానే. పాత పత్రికల కట్టలు, మూతల్లేని డబ్బాలు, పుల్లలు విరిగిన గొడుగులు, ఎవరివో తెలియని చెప్పులు... పెద్దమ్మ ఏదీ పారేసేది కాదు. ఇందులో ఒక విచిత్రం ఉంది. నేలంతా ఖాళీగానే ఉండేది, హాయిగా నడవొచ్చు. సామానంతా కుర్చీల మీద, సోఫా మీద, మంచాల మీద, కిటికీ గట్ల మీద. మనిషి కూర్చోవడానికి వీలున్న ప్రతి చోటా ఏదో ఒకటి పేర్చి ఉండేది. ఒక్క పేము కుర్చీ మాత్రం ఖాళీ. అందులో పెద్దమ్మ పగలూ రాత్రీ కూర్చునే ఉండేది, అందులోనే కునికేది. ఎవరొచ్చినా గుమ్మంలో నిలబెట్టి మాట్లాడి పంపేసేది. చుట్టాలు పొగరన్నారు, పిసినారన్నారు, చివరికి మతి చలించిందన్నారు. అద్దాలక్క ఏమీ అనలేదు గానీ, ఆ ఇంట్లో రెండు నెలలు నేల మీద పరుపేసుకుని పడుకుంది.

అప్పుడు తమ్ముడు ఫోన్ చేశాడు. అతనూ మరదలూ ఉద్యోగం పని మీద ఏడాదిపాటు దూరం వెళ్తున్నారు. తొమ్మిదేళ్ళ కూతుర్ని ఎవరి దగ్గరైనా ఉంచాలి.

"నీ దగ్గరే ఉంచుదామనుంది అక్కా. కానీ దానికి దుమ్ము పడదు, ఆయాసం వస్తుంది. ఆదివారం తీసుకొస్తాను. ఇల్లు శుభ్రంగా ఉంటే వదిలి వెళ్తాను. లేకపోతే హాస్టలే."

"నువ్వు తీసుకురారా. అద్దంలా పెడతాను," అంది ఆమె.

మరదలు ఊరుకోకుండా వీడియోలు పంపింది. ఇల్లు తేలికైతే మనసు తేలికవుతుందట, వాడని వస్తువు ఇంట్లో ఉంటే ఒంట్లో రోగం ఉన్నట్టేనట. అద్దాలక్క సెలవు పెట్టి కొంగు నడుముకి దోపింది. పాత సామాన్ల బండివాడు మూడుసార్లు వచ్చి, మూడోసారి ఇక బండిలో పట్టదని మొరాయించాడు. ఆమె కిటికీలు రుద్దింది, పరదాలు ఉతికింది, చిన్నగదిలో మంచానికి పసుపురంగు దుప్పటి పరిచింది. గురువారం సాయంత్రానికి ఎండ లోపలి గోడ దాకా వచ్చింది. ఇంత పెద్ద ఇల్లా ఇది అని ఆమె గది గదికీ తిరిగి చూసుకుంది. ఎన్నాళ్ళకో మనసు నిండిపోయింది.

టీ పెట్టుకుని బల్ల దగ్గరికొచ్చింది. నాలుగు కుర్చీలూ ఖాళీగా, తుడిచి, మెరుస్తూ ఉన్నాయి. పిల్ల వస్తే ఇదిగో ఇక్కడ కూర్చుంటుంది కదా అని ఎదుటి కుర్చీ ఇవతలికి లాగింది. ఎక్కడో ఆలోచిస్తూ, కొట్టులో అన్నట్టే అనేసింది.

"కూర్చోండి."

అని, తనలో తనే నవ్వుకుంది.

కుర్చీ కిర్రుమంది.

పాత చెక్క, ఇన్నాళ్ళ బరువు దిగింది కదా, అందుకే అనుకుంది. తడి ఆరని గుడ్డల వాసన సన్నగా తగిలింది. పరదాలు అనుకుంది. మనిషి తనకి తాను సర్ది చెప్పుకోవాలంటే కారణాలకేం తక్కువ?

చెప్పుకోవడానికి సిగ్గే గానీ, ఆ సాయంత్రం ఆమెకి బాగుంది. రేడియో పెట్టలేదు. ఎదుటి కుర్చీ వైపు తిరిగి కొట్టు కబుర్లు చెప్పుకొచ్చింది. అద్దాలు నెత్తిన పెట్టుకుని పోయాయని వెతుక్కున్న ముసలాయన గురించి చెప్పినప్పుడు కుర్చీ మళ్ళీ కిర్రుమంది. ఎవరో ముందుకి వంగి వింటున్నట్టు.

శుక్రవారం పొద్దున సోఫా మీద కొత్త దిండు మధ్యలో గుంట పడి ఉంది. తట్టి సరిచేసింది. ముఖం కడుక్కుని వచ్చేసరికి మళ్ళీ గుంట. చెయ్యి పెట్టి చూసింది.

వెచ్చగా ఉంది.

ఆమె చెప్పులు కూడా సరిగా వేసుకోకుండా కిందికి దిగింది. మెట్ల కింద ఇస్త్రీ ఆయన చొక్కా మీద నీళ్ళు చిలకరిస్తున్నాడు. ఊరికే నిలబడితే బాగుండదని, పెద్దమ్మ గురించి అడిగింది.

"పాతికేళ్ళు బట్టలు తెచ్చిచ్చానమ్మా," అన్నాడాయన. "ఎండన పడి వస్తే మంచినీళ్ళిచ్చేది. నా పిల్ల పెళ్ళికి చీరిచ్చింది. మంచి మనిషి. కూర్చోమని మాత్రం ఒక్కనాడు అన్లేదు. ఓసారి నేనే అడిగేశాను, ఏంటమ్మా మా మీద కోపమా అని."

"ఏమంది?"

ఆయన ఇస్త్రీపెట్టె పక్కన పెట్టాడు. "'ఆ మాట ఒకసారి అన్నానయ్యా, ఇంకా లేవలేదు' అంది. ఎవరమ్మా అంటే మాట మార్చేసింది."

అద్దాలక్క పైకి వెళ్ళడానికి చాలాసేపు పట్టింది. వెళ్ళాక ఏ కుర్చీ వైపూ చూడలేదు. వంటగదిలో నిలబడే తింది. ముందుగదిలో బరువు ఒక చోటి నుంచి ఇంకో చోటికి మారుతున్న చప్పుడు వినపడుతూనే ఉంది. సోఫా... కుర్చీ... మళ్ళీ సోఫా. ఇష్టమైన చోటు వెతుక్కుంటున్నట్టు.

శనివారం మధ్యాహ్నం చప్పుడు ఆగింది.

ఆ నిశ్శబ్దం ఇంకా భయంకరంగా ఉంది. ఆమె గోడ పట్టుకుని నడిచింది. ముందుగదిలో ఏమీ లేదు. చిన్నగది తలుపు తోసింది. పసుపు దుప్పటి అంచున లోతుగా నొక్కుకుపోయి ఉంది. తలగడ ఒక పక్కకి జరిగి ఉంది... గోడవారకి, పొందిగ్గా. ఇంకొకరికి చోటు చేసినట్టు.

తనవరకే అయితే ఆమె ఓర్చుకునేదేమో. ఆ మంచం పిల్లది.

అప్పుడు అర్థమైంది పెద్దమ్మ సామాను. సాయంత్రం దాకా అద్దాలక్క పిచ్చిదానిలా పని చేసింది. పారేయగా మిగిలిందేముంది? బిందెలు, బకెట్లు, పుస్తకాలు, తన సూట్‌కేసు, తన బట్టలు. చాలకపోతే ఇస్త్రీ ఆయన దగ్గర పాత పేపర్లు గోనెసంచులతో మోసుకొచ్చింది. కుర్చీకో బరువు పెట్టింది. సోఫా నిండా పేర్చింది. కిటికీ గట్లు నింపింది. చిన్నమంచం మీద సందు లేకుండా సంచులు వేసింది. పరుపు చుట్టి అటక మీదికి తోసింది. పేము కుర్చీ ఒక్కటి మిగిలింది. అందులో తను కూర్చుని, తెల్లారేదాకా లేవలేదు. వీపు వెనక పేము అప్పుడప్పుడూ సాగింది. ఆమె కదల్లేదు.

ఆదివారం పదింటికి తలుపు తట్టారు. ఆమె లేచి, పేము కుర్చీలో నీళ్ళ బకెట్టు పెట్టి వెళ్ళి తలుపు తీసింది.

తమ్ముడు ఇల్లంతా చూశాడు. "ఇదేంటక్కా? గురువారం ఫోటోలు పంపావుగా? పెద్దమ్మ గానీ పూనిందా?"

పిల్ల నీళ్ళసీసా మెడకి వేలాడేసుకుని నవ్వుతూ లోపలికొచ్చింది. ముందుపన్ను ఒకటి కొత్తగా మొలుస్తోంది. "అత్తా, నా మంచమేది? పసుపు దుప్పటి వేశానన్నావుగా?"

రెండు నిమిషాలు చాలు, సంచులు దించేయొచ్చు. పిల్ల సామాను సర్దుకుంటుంది, సాయంత్రం పక్కన కూర్చుని అన్నం తింటుంది, ఏడాదిపాటు ఈ ఇంట్లో ఒక గొంతు వినపడుతుంది. ఆమె చేతులు సంచి దాకా వెళ్ళి ఆగిపోయాయి.

"నావల్ల కాదురా," అంది. "హాస్టల్లోనే చేర్చు."

"నువ్వే కదా రోజుకి మూడుసార్లు ఫోన్ చేసి..."

"తీసుకెళ్ళు," అంది మెల్లగా. "ఇక్కడ నిలబెట్టకు."

పిల్ల మూతి ముడిచింది గానీ ఏడవలేదు. ఏడ్చింది అత్త, వాళ్ళు మెట్లు దిగాక. కిటికీలోంచి చూస్తే తమ్ముడు పెట్టెలు డిక్కీలో పెట్టి, పిల్లని వెనక సీట్లోకి ఎక్కించి, కోపంగా తలుపు వేశాడు. కారు మలుపు తిరిగింది.

ఇంట్లో చప్పుడు లేదు. మధ్యాహ్నమైంది, సాయంత్రమైంది, ఒక్క చెక్క కూడా కిర్రుమనలేదు. తడిగుడ్డల వాసన పోయింది. గెలిచాననుకుంది. అంత ఖాళీగా గెలిచినందుకు మళ్ళీ కాసేపు ఏడ్చి, చీకటిపడే వేళకి ఫోన్ చేసింది.

"ఇంకా దారిలోనే ఉన్నాం," అన్నాడు తమ్ముడు. డ్రైవింగ్‌లో ఉండి స్పీకర్ పెట్టాడు. "ఇది నీ మీద అలిగి కూర్చుంది. వెనక సీటంతా ఖాళీగా ఉంటే, పొద్దుట్నుంచీ తలుపుకి అతుక్కుపోయి ఉంది. మధ్యకి జరగవే అంటే, చోటు లేదంటోంది."

అద్దాలక్క చుట్టూ చూసింది.

ఇంట్లో ప్రతి చోటూ తనే నింపేసింది. ఖాళీగా మిగిలింది ఆ ఒక్క సీటే.

ఫోన్ బల్ల మీద పడేసి కుర్చీ మీది బిందె లాగేసింది. నీళ్ళు నేలంతా పారాయి. రెండో కుర్చీ. సోఫా. చిన్నగదిలో సంచులు ఈడ్చి అవతల పారేసింది.

"రండి," అంది. ఎవరితోనో, ఎటు తిరిగో. "ఖాళీ చేశాను... అన్నీ ఖాళీ చేశాను. ఇటు వచ్చేయండి. నేనొక్కదాన్నే ఉన్నాను... రండి."

ఏ కుర్చీ కదల్లేదు.

"అక్కా? ఎవరితో మాట్లాడుతున్నావు?" అంటున్నాడు తమ్ముడు ఫోన్లో.

అతని వెనక, పిల్ల గొంతు. చాలా మెల్లగా, పక్కనున్న వాళ్ళ చెవిలో చెప్పినట్టు.

"నిన్నే... మా అత్త పిలుస్తోంది."

కాసేపు కారు పోతున్న చప్పుడు తప్ప ఏమీ లేదు. తరువాత పిల్ల ఫోన్ వైపు వంగి, కాస్త గట్టిగా చెప్పింది.

"రానంటోంది అత్తా."