కాటా ఎక్కిన తల్లి

భావనపాడు రేవులో తెల్లారగానే చేపల బేరం మొదలవుతుంది. గిరిబాబు మాత్రం తన కాటా మీదికి చేపల గంపకన్నా ముందు కన్నతల్లిని ఎక్కించేవాడు. సుగరొచ్చిన మనిషి బరువు తగ్గాలని ఆస్పత్రిలో అన్నారు. ఆ ఒక్క మాటా పట్టుకుని నెల్లాళ్లుగా ఇదే తంతు.

“తొంభై ఒకటి! నిన్నటికంటే అరకిలో పెరిగినాది!” అని ఆ రోజు కూడా రేవంతా వినేలా అరిచాడు. గంపల దగ్గర ఆడవాళ్లు గొల్లున నవ్వారు. తల్లి బుల్లమ్మ కొంగు పొట్టమీదికి లాక్కుని దిగింది.

“రాత్రి ఏటి తిన్నావమ్మా? నిజం సెప్పు.”

“రెండు ముద్దలు బాబూ. ఆకలికి ఆగలేకపోనాను.”

“ఆకలి కాదు, ఆబ! ఇంత పొట్టేసుకుని ఇంకా ఆకలేటి? దొంగతిండి తింటన్నావు. దుర్గా, సుగరు మాత్ర ఇయ్యి. అన్నంగిన్ని గదిలో ఎట్టి తాళమెయ్యి.”

“మాత్రేసి తిండెట్టకపోతే ఎలాగ?” అంది భార్య దుర్గ.

“నీకు తెలీదు, ఊరుకో.”

వైద్యమంతా ఔపోసన పట్టినవాడిలా గదమాయించాడు. అమ్మ బతకాలనే అతని తాపత్రయమంతా. ఆ ప్రేమ నోట్లోంచి బయటికొచ్చేసరికి మాత్రం పచ్చి తిట్టయ్యేది.

పదింటికి బుల్లమ్మ చేపలు ఆరబెడుతూ ఇసుకలో కూలబడిపోయింది. ఒళ్లంతా చెమట, మాట తడబాటు. ఆటోలో టెక్కలి ఆస్పత్రికి తీసుకెళ్లి, గ్లూకోజు ఎక్కించాక గానీ కళ్లు తెరవలేదు.

“మాత్ర వేసి పస్తు పెట్టారా?” డాక్టరమ్మ మండిపడింది. “చక్కెర పడిపోయింది. ఇంకాస్త ఆలస్యమైతే మీ అమ్మ దక్కేది కాదు.”

“నోరు కట్టుకోదండి. ఆ పొట్ట సూడండి.”

“ఆ పొట్టలో కొవ్వు ఊరికే ఉండదయ్యా. దాన్నుంచి హార్మోన్లు వస్తాయి. ‘ఇక చాలు’ అని మెదడుకి చెప్పే హార్మోను అందులో ఒకటి. కొవ్వు పెరిగేకొద్దీ అది బోలెడంత ఊరుతుంది, కానీ మెదడు దాని మాట వినడం మానేస్తుంది. ఇన్సులిన్‌కి సాయం చేసే ఇంకొకటేమో తగ్గిపోతుంది. ఆవిడకి నిజంగానే ఆకలేస్తోంది. బరువు తగ్గాల్సిందే, అయితే వేళకి తింటూ, నడుస్తూ, మెల్లిగా తగ్గాలి.”

మంచం మీంచి బుల్లమ్మ నీరసంగా అడిగింది.

“ఒరే గిరీ, అయితే నాది ఆబ కాదంటరా? నెల్లాళ్లుగా నా నోటిని నానే తిట్టుకుంటన్నాను.”

“కాదమ్మా! తప్పైపోనాది.” తల్లి కాళ్లు పట్టుకుని బావురుమన్నాడు.

ఆమె వాడి తల నిమిరింది.

“నా బరువు రేవంతా ఇనేలా సెప్పినావు కదా బాబూ. రేపు ఈ మాట కూడా అంత గట్టిగానే సెప్పు. ఆళ్లందరూ నన్ను తిండిదొంగనుకుంటన్నారు.”

“సెప్తానమ్మా,” అన్నాడు. రోజూ రేవంతా మోగించిన ఆ గొంతు ఇప్పుడు మంచం దాటి వినపడలేదు.