రంగి నిప్పు అడిగిన మధ్యాహ్నం

దెయ్యాలు రాత్రిపూటే తిరుగుతాయనే వాళ్ళను చూస్తే నాకు భలే చులకన. మా చెరువుకట్ట కింద ఒక్క ఎండాకాలం గడిపి ఉంటే వాళ్ళ తెలివి తెల్లారేది.

నడిగూడెం అవతల మా గుడిసెలన్నీ తాటాకువే. అప్పటికింకా సాగర్ కాలువ మా దిక్కు రాలేదు. ఎండలు ముదిరాయంటే చెరువు మడమలా పగిలేది. ఎగిరే కాకి సగం దారిలోనే వేగి కింద పడేది. నేను ఏరి పక్కన పెట్టినవే గంపెడు. నమ్మకపోతే మానండి.

ఆ ఎండలో ఒక్క నిప్పురవ్వ చాలు, వరుసంతా బూడిదే. అందుకని ఒక కట్టుబాటు ఉండేది. పొద్దు తాటిచెట్టంత ఎక్కేలోపు వంటలు ముగించి పొయ్యిలో నీళ్ళు చల్లాలి. గడపకో నీళ్ళకుండ, ఇసుక కుప్ప, కప్పు లాగిపారేయడానికి కొక్కెం కట్టిన గడ ఉండాలి. మామూలు రోజుల్లో పొయ్యి ఆరితే పిడక ముక్క పట్టుకుని పక్కింటికి పోయి నిప్పు తెచ్చుకునేవాళ్ళం. ఎండాకాలం మాత్రం పొద్దుగూకేదాకా ఎవరడిగినా నిప్పు పెట్టకూడదు.

నేను చెప్పబోయేదానికి ముందటేడు మా వరుసలోని రంగి ఆ కట్టు తప్పింది. పచ్చి బాలింత, ఆకలికి ఆగలేక జావ కాచుకుందామని మధ్యాహ్నం పొయ్యి రాజేసింది. గుడిసె పోయింది, బిడ్డా పోయింది. మండుతున్న చీరతో పరిగెత్తి, అప్పటికింకా చెరువు నడుమ మిగిలిన మడుగులో దూకింది. మనిషి మళ్ళీ పైకి రాలేదు.

ఆ కాలిన జాగాలోనే మా మరిది కొండల్ గుడిసె వేశాడు, ఊరికే దొరికిందని. మిర్యాలగూడ రైసుమిల్లులో పనిచేసి వచ్చిన ఘనుడు. మీసం బర్రె తోకంత, బుద్ధి దోమ కాలంత.

ఆ రోజు అతని పెళ్ళాం ఆండాళు వాగు ఇసుకలో తవ్విన చెలిమె నీళ్ళకు పోయింది. పసిది బుజ్జి లోపల ఉయ్యాలలో నిద్రపోతోంది. కొండల్ గడప ముందు మంచమేసుకుని చుట్ట వెలిగించాడు. గడప దగ్గర కుండ చూస్తే ఖాళీ. ఆ నీళ్ళతో పొద్దున్నే తానం చేశాడట మహారాజు.

"చుట్ట ఆర్పుతవా, నెత్తిన నీళ్ళు గుమ్మరియ్యాల్నా?" ఎదురుగా వేపచెట్టు కింది నుంచి అన్నాను.

"గుమ్మరియ్యి వదినె, సల్లగుంటది. మీ కట్టుబాట్లు నాకాడ నడ్వయ్."

"లోపల బిడ్డున్నది. గదన్న యాదుందా?"

"నిద్రపోతున్నది. నువ్వు ఒర్రి లేపకు."

అప్పుడు గాలి ఆగింది. వేపాకు కదలలేదు. ఈగల రొద కూడా ఆగిపోయింది. చెరువు అడుగు బురద వాసన వచ్చింది. దాని వెనకే కాలిన వెంట్రుకల కమురు...

కట్ట మీద నుంచి ఒక ఆడమనిషి దిగి వస్తోంది. నెత్తిన కొంగు. కొంగు నుంచి నీళ్ళు కారుతున్నాయి. చెరువులో పిట్ట ముక్కు తడుపుకునేందుకు కూడా నీళ్ళు లేవు. నా ముందుకొచ్చి ఆగింది. రంగి.

"అక్కా... జర నిప్పు పెడ్తవా."

చేతిలో పిడక ముక్క. దాని నుంచీ నీళ్ళే. నేను తల అడ్డంగా ఊపాను. ఆమె కొండల్ వైపు తిరిగింది.

ముందటేడు వాడు మిల్లులో ఉన్నాడు, రంగి మొహం ఎరగడు.

"మా వదినె నిప్పుకు గూడ తాళమేస్తది," అని నవ్వాడు. "నేనిస్త, తీస్కో."

"వద్దు కొండల్..." నా మాట నాకే వినపడలేదు.

చుట్ట తాకించాడు. తడి పిడక పత్తిలా అంటుకుంది.

"ఏడుంటవ్ నువ్వు?"

"గీడనే," అంది. "బిడ్డ ఆకలికున్నది."

వంగి, అతని గుడిసెలోకే దూరింది.

కప్పు లోపలి నుంచి ఎర్రబడింది. తాటాకంతా ఒక్కసారే బుస్సుమంది. మిల్లు మొనగాడు కట్టెక్కేదాకా ఆగలేదు, లుంగీ మంచం మీదే వదిలేసి. నేను నా కుండ నెత్తిన గుమ్మరించుకుని లోపలికి దూకాను. మంట నన్ను చూసి పక్కకు జరిగిందంటే మీరు నమ్మాలి. ఉయ్యాల ఉంది. ఊగుతోంది.

ఖాళీ.

జనం గడలతో కప్పు లాగి ఇసుక పోశారు. మిగతా గుడిసెలు దక్కాయి. బూడిదంతా గెలికాం, బుజ్జి ఆనవాలు లేదు.

చెలిమె నుంచి తిరిగొస్తూ ఆండాళే చూసింది. చెరువు నడిమధ్యన, పగిలిన నేల మీద బిడ్డ. ఒంటి మీద బొబ్బ లేదు. ఏడుస్తూ రొమ్ము అందిస్తే బుజ్జి మొహం తిప్పుకుంది. పొట్ట నిండుగా ఉంది. పెదాల మీద పాలు.

"ఎవలు తాపిన్రక్కా?" నన్ను అడిగింది గుసగుసగా.

నేను కొంగుతో బుజ్జి పెదాలు తుడిచాను. కొండల్ మాత్రం, "ఎవలో పుణ్యాత్మురాలు," అన్నాడు. వాడి బుర్రకు అంతే అందింది.

మర్నాడు మధ్యాహ్నం బిడ్డను మా గుడిసెలో పడుకోబెట్టాం. పొయ్యి ఆరి ఉంది. తడిక కట్టేసి ఉంది. పొద్దుటి నుంచి తల్లి పాలు ముట్టక గుక్కపట్టిన బుజ్జి ఒక్కసారిగా ఏడుపు ఆపింది. గోడ వైపు తిరిగి నోరు తెరిచింది. అక్కడ ఎవరూ లేరు.

ఆండాళు గోళ్ళు నా చేతిలో దిగాయి.

బిడ్డ చప్పరిస్తోంది. తర్వాత... గుటకలు.