హోల్టర్ కాగితం

"మా ఆయన్ని చంపేశారండీ," అంటూనే లోపలికి వచ్చిందామె. కుర్చీ చూపించినా కూర్చోలేదు. వెంట వచ్చిన మరిది గుమ్మం దగ్గరే నిలబడి, చొక్కా గుండీల సందున ఛాతీ గోక్కుంటున్నాడు. వడ్రంగి, చేతులకు ఇంకా రంపపు పొట్టు ఉంది.

'భూతద్దం' అని అందరూ పిలిచే డిటెక్టివ్ తల పంకించాడు. సహాయకురాలు నోట్‌బుక్ తెరిచింది.

ఆమె భర్త రాత్రి బస్సు డ్రైవరు. గుండె దడగా ఉందంటే, ల్యాబ్‌లో ఛాతీకి స్టిక్కర్లు, వైర్లు అంటించి, హోల్టర్ అనే చిన్న మిషన్ నడుముకు కట్టి పంపారు. ఒక పగలు, ఒక రాత్రి గుండె కొట్టుకున్న తీరంతా అది నమోదు చేస్తుంది. రిపోర్టు బాగుందన్నారు. నాలుగో రోజున ఆయన బస్సును పక్కకు ఆపి, స్టీరింగు మీద వాలిపోయాడు.

"ల్యాబువాడు ఎవరి రిపోర్టో ఇచ్చాడు. వాడి ఉద్యోగం పోవాలి." సంచిలోంచి నలిగిన కాగితం తీసింది. "ఇది ఆయన గుండె. తలగడ కింద పెట్టుకుని పడుకుంటున్నాను."

"ఒక్కరోజు అప్పివ్వమ్మా," అన్నాడు భూతద్దం.

ల్యాబ్ టెక్నీషియన్ రిజిస్టరు తెరిచి చూపించాడు. "పేరూ, మిషన్ నంబరూ సరిపోయాయి సార్. ఛాతీ మీద వెంట్రుకలు గొరిగి మరీ నేనే అంటించాను. మర్నాడు విప్పితే మా స్టిక్కర్లు లేవు, మందులషాపు ప్లాస్టర్లున్నాయి. చెమటకు ఊడాయన్నాడు."

"ఏ గంటకు ఏం చేశాడో రాసిచ్చే డైరీ?"

"ఫైల్లో ఉంది. గ్రాఫ్ బాగుంటే అవన్నీ ఎవరు చదువుతారు సార్?"

భూతద్దం గ్రాఫునూ డైరీనీ పక్కపక్కన పరిచాడు. "నిద్రలో పరుగెత్తే మనిషిని చూశావా?" అని సహాయకురాలిని అడిగాడు. ఆమె వంగి చూసి నోరు తెరిచింది.

మర్నాడు ముగ్గురినీ ల్యాబ్ వరండాలో కూర్చోబెట్టాడు.

"డైరీలో పగలు పదకొండుకు 'నిద్ర' అని ఉంది. గ్రాఫులో గుండె నిమిషానికి నూట ఇరవై. రాత్రి రెండుకు 'కొండదారి ఎక్కుతున్నా, దడ' అని రాశాడు. గ్రాఫులో యాభై నాలుగు, గాఢనిద్ర. ఇది పగలు కష్టపడి రాత్రి పడుకునే మనిషి గుండె." మరిది వైపు తిరిగాడు. "గొరిగిన చోట వెంట్రుకలు మొలుస్తుంటే దురదే కదయ్యా?"

మరిది చెయ్యి ఛాతీ దగ్గరే ఆగిపోయింది.

"అన్నయ్యే బతిమాలాడు వదినా. రిపోర్టు చెడితే స్టీరింగు దిగాలన్నాడు. ఒక్కరోజే కదరా అన్నాడు. నీకు చెబితే తన మీద ఒట్టే అన్నాడు."

"కాదనుంటే బతికుండేవాడు."

"అవును వదినా."

టెక్నీషియన్ తల వంచుకున్నాడు. నింద పోయిన సంతోషం ఆ ముఖంలో లేదు.

ఆమె కాగితాన్ని ఒళ్ళో పరిచి, గీతల మీద వేలు నడిపింది. తర్వాత మడిచి మరిదికి అందించింది. "తీసుకో. నీదేగా." అతను చెయ్యి చాపలేదు.

"మరి ఆయనది?" అని అడిగింది.

సహాయకురాలు డైరీ పేజీ తెచ్చి ఆమె చేతిలో పెట్టింది. ఇన్నేళ్ళూ ట్రిప్ షీటు నింపిన చెయ్యి. గంట గంటకూ నిజమే రాసింది. చివరి వరుస దగ్గర ఆమె వేలు ఆగింది.

'ఐదు: డిపో. దడ తగ్గలేదు. డాక్టరుగారూ, మా ఇంట్లో చెప్పకండి.'