తాళి అడిగే విల్లా

జెద్దాలో నర్సుల హాస్టల్ వెనక రెండు సందులు దాటితే ఒక ఖాళీ విల్లా ఉండేది. పొద్దుగూకాక దాని ముందునుంచి తెలుగువాళ్ళెవరూ నడిచేవారు కాదు. పాకిస్తానీలు నడిచేవారు, బెంగాలీలు నడిచేవారు, పిల్లులు నడిచేవి. మనవాళ్ళు మాత్రం పెట్రోల్ బంకు మీదుగా చుట్టు తిరిగి వెళ్ళేవారు.

ఎందుకంటే అక్కడి దెయ్యం తెలుగులో మాట్లాడేది.

మగ్రిబ్ నమాజు అయిపోయి, చీకటి పడీ పడని వేళ... డాబా మీదనుంచి ఒక ఆడగొంతు—

"తా...ళీ! తా...ళీ!"

అంతే. ఇంకో మాట లేదు.

చూసినవాళ్ళు కూడా ఉన్నారు. తెల్లగా ఉంటుందట. పిట్టగోడ మీద కూర్చుంటుందట. పిలిచినప్పుడల్లా తలమీద జుట్టు నిక్కబొడుచుకుంటుందట.

లేబర్ క్యాంపులో దీనికో చరిత్ర కూడా తయారైంది. ఆ ఇంట్లో పనికొచ్చిన తెలుగామె చచ్చిపోయిందని, ఊళ్ళో మొగుడు ఇంకోదాన్ని చేసుకున్నాడని, నా తాళి నాకిమ్మని ఈమె అడుగుతోందని. చచ్చాక కూడా ఆడది అడిగేది తాళేనని నమ్మడానికి మగవాళ్ళకి పెద్ద సాక్ష్యమేమీ అక్కర్లేదు.

నాకీ సంగతి చెప్పింది జాయ్సీ. పాలకొల్లు పిల్ల, అక్కడ నర్సు.

విదేశీయుల భార్యాపిల్లలకి తలకింత అని పన్ను పెట్టిన ఏడు అది. ఆ విల్లాలో అద్దెకున్న కుటుంబం, వాళ్ళదీ వేరే దేశమే, పన్ను మాట వినగానే సామాను సర్దుకుని వెళ్ళిపోయింది. ఇల్లుగలాయన మళ్ళీ అద్దెకివ్వాలనుకున్నాడు. రిపేరు పని బాలన్న మీద పడింది.

బాలన్నది జగిత్యాల దగ్గర పల్లె. కరెంటు పని, వడ్రంగం, ఏది చెబితే అది చేస్తాడు. ఉద్యోగుల్లో చాలినంతమంది సౌదీవాళ్ళు లేరని నితాకత్ చట్టం కింద అతని కంపెనీ రెడ్‌లో పడింది. రెడ్ కంపెనీలో ఇకామా, అదే నివాస కార్డు, రెన్యూ కాదు. వేరే కంపెనీకి మారాలి, లేదా ఇంటికి పోవాలి.

సూపర్‌వైజర్ అబ్దుల్ ఘనీ హైదరాబాదీ. ఒక్కమాట చెప్పాడు.

"జుమేరాత్ తక్ విల్లా ఖతం కరో బాలన్నా. ట్రాన్స్‌ఫర్ కాయితం మీద సంతకం పెడతా. నైతో ఎగ్జిట్!"

గురువారం దాకా గడువు.

శనివారం బాలన్న కిటికీల చుట్టూ రబ్బరు బిగించాడు. ఆదివారం పొద్దున ఆ రబ్బరు జానెడేసి ముక్కలై మెట్లమీద ఉంది. ఏసీ తీగలు మార్చాడు— పళ్ళతో కొరికినట్టు తెగాయి. స్క్రూలు ఎవరో ఊడదీసి నీళ్ళట్యాంకులో వేశారు. స్క్రూడ్రైవర్ ఖర్జూరపు చెట్టు మొవ్వులో దొరికింది.

అన్నిటికన్నా డాబామీది చిన్నగది తలుపు... దానికి గొళ్ళెం బయటివైపు ఉంది. ఎన్నిసార్లు బిగించినా తెల్లారేసరికి గొళ్ళెం కింద పడి, అది ఉన్న చోట చెక్క గోళ్ళతో తవ్వినట్టు గుంటలు పడి ఉండేది.

మంగళవారం సాయంత్రం బాలన్న హాస్టల్‌కొచ్చాడు, జాయ్సీ ఆస్పత్రిలో క్లీనింగు పని చేసే కోస్తావైపు మనిషి వరమ్మ కోసం.

"అక్కా, గా దెయ్యం మీ దిక్కుదే."

"మా దిక్కుదని దాని పాస్‌పోర్టు చూశావా తమ్ముడూ?"

"తాళీ అంటున్నది గద. మా దిక్కుదైతే పుస్తె అనేది."

జాయ్సీ నవ్వు ఆపుకోలేకపోయింది. బాలన్న నవ్వలేదు. జేబులోంచి పసుపుతాడు తీశాడు. పసుపుకొమ్ము కట్టి ఉంది. మలయాళీ దుకాణంలో కొన్నాడట.

"నువ్వు గిది దానికియ్యాలె అక్కా."

"నువ్వే ఇవ్వొచ్చుగా?"

"మొగోన్ని, నేనెట్లియ్యాలె? ఇస్తే నా పెండ్లమైతది. ఇంటికాడ ముత్యవ్వకేం జెప్పాలె?"

దెయ్యం వదలాలని ప్రార్థన చేస్తాం గానీ దానికి తాళి కట్టం అంది వరమ్మ.

"ఎల్లుండే గురువారం, అక్కా."

ఆ మాటకి ఆమె లేచి చెప్పులేసుకుంది. జాయ్సీ కూడా వెళ్ళింది.

డాబా ఎక్కేసరికి వెలుగు పోయింది. చిన్నగది తలుపు బార్లా తెరిచి ఉంది. లోపల కిటికీ అన్నదే లేదు. గాలి కూడా లేదు...

"తా...ళీ!"

బాలన్న గోడకి అంటుకుపోయాడు. జాయ్సీ మెట్లవైపు తిరిగింది.

వరమ్మ మాత్రం తల వంచుకుని, తడి లేని చేతుల్ని అబాయాకి గబగబా తుడుచుకుంటూ ఆ గొంతువైపే పరుగెత్తింది.

"ఐవా మదామ్!"

నాలుగడుగులు వేసి ఆగింది. తన కాళ్ళకేసి తనే చూసుకుంది.

"ఇది తాళి కాదు తమ్ముడూ" అంది మెల్లగా. "తఆలీ. ఇలా రావే అని. జిజాన్‌లో ఇంటిపని చేసిన తొమ్మిదేళ్ళూ విన్నాను."

బాలన్నకి 'తఆల్' తెలుసు. రోజుకి యాభైసార్లు వింటాడు. ఆడమనిషిని పిలిస్తే చివర దీర్ఘం వస్తుందని క్యాంపులో ఒక్కరికీ తెలీదు. వాళ్ళనెవరూ అలా పిలవలేదు మరి.

టార్చి వేశాడు.

పిట్టగోడ మీద పిట్ట. కోడంత తెల్లచిలక, తలమీద పసుపుపచ్చ కుచ్చు. కాకటూ అంటారు. వెనక ఇంకో మూడు. ఇల్లు ఖాళీ చేసినవాళ్ళు పంజరాలు తెరిచేసి పోతే, ఇవి చుట్టుపక్కల చెట్లు పట్టి అడవిపిట్టలైపోయాయి. ఒకటి టీవీ డిష్షు పట్టుకుని తలకిందులుగా ఊగుతోంది. ఒకటి బాలన్న కొలతటేపు లాగి వదులుతోంది, లాగి వదులుతోంది. ఇంకోటి నడుచుకుంటూ వచ్చి, అతని చేతిలోంచి పసుపుతాడు లాక్కుని, కొమ్ము కొరికి చూసి, సందులోకి విసిరేసింది.

"బుద్ధిమంతురాలు" అంది వరమ్మ.

ముగ్గురూ నవ్వారు. ఆ నవ్వు ఇంకా అయిపోలేదు...

పిట్టగోడ మీదిది ఎగిరి చిన్నగది తలుపుమీద వాలింది. గొళ్ళెం ఊడిన చోట ముక్కుతో టక్, టక్‌మని కొట్టింది. ఈసారి ఆ ఇంటి మదామ్ గొంతు కాదు. వేరే గొంతు... సన్నగా, గోదావరి యాసలో—

"తలుపు తియ్యండమ్మా... తియ్యండమ్మా..."

ముగ్గురూ మెట్లు దిగారు.

బుధవారం బాలన్న తీగలన్నీ ఇనపగొట్టాల్లోంచి లాగాడు. కిటికీల చుట్టూ రేకు కొట్టాడు. గురువారం పొద్దుగూకే వేళకి అబ్దుల్ ఘనీ పనుల జాబితా పట్టుకుని వచ్చాడు. ఒక్కోటీ చూసి టిక్కు పెడుతూ డాబా ఎక్కాడు. చిన్నగది దగ్గర పెన్ను ఆగింది.

"గొళ్ళెం కిధర్?"

గొళ్ళెం బాలన్న జేబులోనే ఉంది. స్క్రూలూ ఉన్నాయి. రెండు నిమిషాల పని.

"పెట్టలే సాబ్."

"పెట్టకుంటే సంతకం లేదు."

బాలన్న చెయ్యి జేబుదాకా వెళ్ళింది. అక్కడే ఆగింది.

"ఆమె పెట్టనిస్తలేదు సాబ్."

"ఎవరు?"

ఖర్జూరపు చెట్టులోంచి, చీకట్లోంచి—

"తియ్యండమ్మా..."

కాయితాన్ని గోడకానించి సంతకం పెట్టి, ఘనీ మెట్లు రెండేసి దిగిపోయాడు.

బాలన్న ఇప్పుడు తబూక్‌లో పనిచేస్తున్నాడు. గొళ్ళెం అతని పెట్టెలోనే ఉందట.

ఆ గదిలో ఉన్నామె ఎవరో, వరమ్మ ఎంతమందిని అడిగినా తెలియలేదు. పన్ను పిట్టలమీద లేదు, పనిమనిషి మీదా లేదు. లెక్కలో లేనివాళ్ళు ఎప్పుడు పోయారో, ఎక్కడికి పోయారో ఎవరు రాసిపెడతారు?

"దెయ్యం కాదని తేలిపోయిందిగా జాయ్సీ, ఇంకా భయమెందుకు?" అన్నాను.

"చిలక ఒక్కసారి విన్న మాట పలకదండీ" అంది.